నీలిమందు తొట్ల జాడ: పార పెట్టకుండా పాత కార్ఖానాను వెతకడం ఎలా

నా బతుకుతెరువు బోరు పాయింట్లు పెట్టడం. కందుకూరు, కనిగిరి, ఉదయగిరి పక్కన రెసిస్టివిటీ మీటరు (కరెంటు పారకుండా నేల ఎంత అడ్డుకుంటుందో కొలిచే యంత్రం) మోసుకుని తిరగబట్టి 20 ఏళ్ళు దాటింది. కొన్నేళ్ళ కిందట, మన్నేరుకు కాస్త ఎడంగా ఉన్న ఒక చేలో నీళ్ళ కోసం ఆ మీటరు కమ్మీలు దిగ్గొడుతుంటే మొదటి మీటరు లోపలే రీడింగు ఒక్కసారిగా పైకి లేచింది. ఆ ఎర్రచెక్క నేలలో అంత పైన రాయి ఉండే వీల్లేదు. చేనుగలాయన నింపాదిగా చెప్పాడు: "అది నీలిమందు తొట్ల దిబ్బ గదయ్యా. మా తాతల నాడు దొరలు కట్టిచ్చినారంట. నాగలికి ఇటుకలు తగల్తానే ఉంటాయి."

నీళ్ళు పక్క చేలో పడ్డాయి. నా మనసు మాత్రం ఆ దిబ్బ దగ్గరే ఆగిపోయింది. తర్వాత మూడు సీజన్లు, తీరిక దొరికినప్పుడల్లా, ఒక్క పార కూడా పెట్టకుండా ఆ దిబ్బలో ఏముందో పటం గీశాం. అక్కడ చేసి నేర్చుకున్నదే ఇది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. కారణం ముందుకు పోతే మీకే అర్థమవుతుంది.

జియాలజీ చదివే పిల్లలు, ఊరి చరిత్ర మీద మక్కువ ఉన్న టీచర్లు, నాలాగా నీటి సర్వేలు చేసేవాళ్ళు ఎవరైనా ఈ పని చేయొచ్చు. ఒక్క హెచ్చరిక. ఈ విద్య మీద దొరికే చేతిపుస్తకాలు ఎక్కువగా ఇంగ్లండు నేలను, అక్కడి చలిని, తేమను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిని ఉన్నదున్నట్టు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దించితే సగం గోడలు కనబడకుండా పోతాయి. అది ఎందుకో అయస్కాంత సర్వే దగ్గర చెప్తాను.

ముందు ఆ కార్ఖానా ఎలా నడిచిందో తెలుసుకోండి

యంత్రం అద్దెకు తెచ్చే ముందు చేయాల్సిన పని ఇది. నేలలో ఏ యంత్రానికీ గోడ కనబడదు. చుట్టూ ఉన్న మట్టికీ దానికీ ఉన్న తేడా మాత్రమే కనబడుతుంది. ఆ తేడా ఎక్కడ, ఎందుకు పుట్టిందో తెలియాలంటే అక్కడ మనుషులు రోజూ ఏం చేశారో తెలియాలి.

నీలిమందు అంటే అవిరి చెట్టు ఆకు నుంచి తీసే నీలి రంగు. ఆ పని ఇలా సాగేది. అవిరి చెట్టు కోసి, కట్టలు కట్టి, ఎగువ తొట్టిలో పేర్చి, పైన దూలాలు అడ్డంగా బిగించి నీళ్ళు వదిలేవారు. పచ్చాకైతే సుమారు 10, 12 గంటలు నానాలి. ఆకులో ఉండే ఇండికాన్ అనే పదార్థం ఆ నానుడులో విడిపోయి నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళను దిగువ తొట్టిలోకి వదిలి, మనుషులు అందులో దిగి తెడ్లతో గంటల తరబడి చిలికేవారు. గాలి తగిలేకొద్దీ పసుపుపచ్చ నీళ్ళు ఆకుపచ్చకు, ఆకుపచ్చ నీలానికి తిరుగుతాయి. మన తీరంలో త్వరగా పేరుకోవడానికి సున్నపు తేట కూడా కలిపేవారు. అడుగున పేరిన మడ్డిని వడగట్టి, పెద్ద బానలో కాచి, గుడ్డలో వేసి పిండి, బిళ్ళలుగా కోసి నీడన ఆరబెట్టేవారు. మన పక్కనే కడపలో తయారైన సరుకు లండన్ బజారులో 'కర్పా' పేరుతో అమ్ముడుపోయేది.

ఇప్పుడు ఇదే కథను నేలవైపు నుంచి చూడండి. తొట్లు జంటలుగా ఉంటాయి. ఒకటి ఎగువన, ఒకటి దిగువన. నీళ్ళు వాటంతటవే పారాలి కాబట్టి వాలు ఎటుంటే జంట అటు తిరిగి ఉంటుంది. గోడలు ఇటుక, లోపల గానుగ సున్నం పూత. వంగదేశపు పెద్ద ఫ్యాక్టరీల్లో తొట్టి ఒక్కో పక్క 20 అడుగుల దాకా ఉండేది. మన వైపు ఏ కొలత దొరికినా ఆశ్చర్యపోవద్దు. ఎగువన ఒక బావో కుంటో తప్పదు. దిగువన మురుగు నీరు పోయే కాలువ ఉంటుంది. బాన కింద పొయ్యి రోజుల తరబడి మండి ఉంటుంది కాబట్టి ఆ చోట మట్టి కాలి ఎర్రబడి గట్టిపడుతుంది. పిండిన ఆకు కుళ్ళిన కుప్ప ఎక్కడో ఒకచోట నల్లటి మెత్తటి మట్టిగా మిగులుతుంది. ఈ ఆరింటినీ ఒక కాగితం మీద గీసుకుని జేబులో పెట్టుకోండి. సర్వే మొత్తం ఆ బొమ్మతో చేసే సంభాషణే.

మీ దగ్గరున్నది నీలిమందు దిబ్బ కాకుండా ఇనుము కరిగించిన చోటైతే జాడలు వేరు. అక్కడ చిట్టెపు రాళ్ళు కాలికి తగులుతుంటాయి, అయస్కాంత యంత్రం గగ్గోలు పెడుతుంది. తీరాన పాత ఉప్పు కొఠారైతే గోడ కంటే కట్టలు, కాలువలే ముఖ్యం.

కాగితాలు ఏ జిల్లావో చూసి వెతకండి

ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం మానుకుంది. 1897లో జర్మనీ నుంచి బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలి బజారులోకి దించాక చెట్టు నీలికి రోజులు దగ్గరపడ్డాయి. మీ దిబ్బ ఈ తేదీల మధ్య ఎక్కడ కూర్చుంటుందో కాగితాల్లోనే తేలాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒంగోలు పక్కన ఊళ్ళ పాత కాగితాలు గుంటూరు జిల్లా రికార్డుల్లో వెతికి, లేవని వచ్చేస్తారు. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. ఆ ఏడు గుంటూరులో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022 మార్పుల్లో కందుకూరు మళ్ళీ నెల్లూరు వైపు మళ్ళింది. కాబట్టి కంపెనీ కాలపు కాగితం కావాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో 'నెల్లూరు జిల్లా' కట్టల్లో చూడండి. ఊరి పేరుతో కాకుండా పాత తాలూకా పేరుతో అడగండి.

ఊళ్ళో మీకు కావలసినవి గ్రామ పటం, ఎఫ్ఎంబీ (చేల కొలతల పుస్తకం), డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన పాత భూమి రిజిస్టరు). పాత డైగ్లాటులో బావులు, కుంటలు, పొరంబోకులు సర్వే నంబరు వారీగా ఉంటాయి. ఇప్పుడు పూడిపోయిన బావి అందులో బతికే ఉంటుంది. తర్వాత గొర్రెల కాపరులను అడగండి. చేలకు పిలుపు పేర్లు వాళ్ళ నోట్లోనే ఉంటాయి. తొట్ల చేను, నీలి దిబ్బ, దొర బావి లాంటి మాట వినబడితే ఆ సాయంత్రమే అక్కడికి నడవండి. వాలు ఎండలో, పొద్దు దిగే వేళ, కనీకనబడని మిట్టలకు నీడ పడుతుంది.

ఆకాశం నుంచి చూడటానికి ఇస్రో వారి భువన్, గూగుల్ ఎర్త్ ఉన్నాయి. వాటికంటే విలువైనవి 1960లలో అమెరికా తీసిన కరోనా ఉపగ్రహ చిత్రాలు. స్కాన్ అయినవి అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ట్రాక్టర్లు, పొక్లెయిన్లు చేలను చదును చేయక ముందటి నేల అందులో ఉంది. వరి చేలో గోడ ఉన్న చోట పైరు తొందరగా పచ్చదనం కోల్పోతుంది. కోతకు ముందు 15 రోజుల్లో తీసిన చిత్రం దొరికితే అది మీ అదృష్టం.

ఊరికి చెప్పకుండా కమ్మీ దించొద్దు

మన జిల్లాల్లో చేలో వైర్లు పరిచి యంత్రం పట్టుకుని తిరిగేవాణ్ణి చూస్తే ఊరికి తట్టే మాట ఒక్కటే: గుప్తనిధులు. మీరు వెళ్ళిన మర్నాడు రాత్రే ఎవరో గునపాలతో దిగుతారు. రెండో సీజనులో మా దిబ్బకు అదే జరిగింది. ఎవరో ఒక మూల నడుము లోతు గొయ్యి తవ్వి ఇటుకలు పెళ్ళగించి పోయారు. తప్పు నాది. చేనుగలాయనతో తప్ప ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరి పేరు ఇక్కడ రాయకపోవడం అందుకే.

అందుకని ముందు చేనుగలవాళ్ళ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. కౌలుకు ఎవరు చేస్తున్నారో వాళ్ళతో కూడా మాట్లాడండి. సర్పంచికి, వీఆర్వోకు, పోలీసు స్టేషనుకు ఒక ఉత్తరం ఇచ్చి నకలు మీద సంతకం పెట్టించుకోండి. రాష్ట్ర పురావస్తు శాఖకు ముందే తెలియజేయండి. 1960 నాటి రాష్ట్ర చట్టం కిందో 1958 నాటి కేంద్ర చట్టం కిందో రక్షిత స్థలమైతే వాళ్ళ అనుమతి లేకుండా కాలు పెట్టొద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే. ఈ మాట రచ్చబండ దగ్గర గట్టిగా అందరూ వినేలా చెప్పండి. బడి పిల్లలను పిలిచి యంత్రం చూపించండి. వాళ్ళు ఇంటికి వెళ్ళి "అది బంగారం యంత్రం కాదంట" అని చెప్తే మీరు పది ఉత్తరాలు రాసినంత పని అవుతుంది.

రైతుకు ఇంకో భయం ఉంటుంది: సర్కారు చేను లాక్కుంటుందని. దాటవేయొద్దు. మీరు ఎవరికి ఏ కాగితం ఇవ్వబోతున్నారో ముందే చూపించండి.

నేల, కాలం

మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రెసిస్టివిటీకి మంచి రోజులు జనవరి చివర, ఫిబ్రవరి. పైమట్టి ఆరుతూ ఉంటుంది, తొట్టి లోపల పూడిన మట్టి ఇంకా తేమ పట్టుకుని ఉంటుంది, గోడ మాత్రం పొడిబారి ఉంటుంది. మూడూ విడివిడిగా కనబడే వారాలు అవే. మే నెలలో కమ్మీ దిగదు, దిగినా కరెంటు పారదు. వాన పడిన రెండో రోజు అన్నీ ఒకేలా తడిసి పటం మొద్దుబారిపోతుంది.

నేలను బట్టి యంత్రాన్ని ఎంచుకోండి. కనిగిరి, ఉదయగిరి ఎర్ర నేలల్లో రెసిస్టివిటీ, అయస్కాంత సర్వే రెండూ బాగా నడుస్తాయి. పర్చూరు, ఒంగోలు నల్లరేగడిలో జీపీఆర్ (నేలలోకి రాడార్ తరంగాలు పంపే యంత్రం) మీద డబ్బు తగలేయొద్దు. ఆ బంకమట్టి రాడార్ తరంగాన్ని అడుగు లోతులోనే మింగేస్తుంది. తీరం వెంట పొడి ఇసుకలో జీపీఆర్ అద్భుతం. కానీ దొరువులో (ఇసుకలో తవ్విన నీటి గుంటలో) నీళ్ళు నోట వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే తరంగం నీటిమట్టం దాటి దిగదు. చీమకుర్తి పక్కన మనం గెలాక్సీ గ్రానైటు అని పిలిచే రాయి నిజానికి గాబ్రో, కొణిజేడు కొండల్లో ఉన్నది మాగ్నెటైటు ఖనిజం. ఆ చుట్టుపక్కల మాగ్నెటోమీటరు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యంత్రం) తెరిస్తే కింది రాతి అరుపులో మీ ఇటుక గొంతు వినబడదు. అక్కడ రెసిస్టివిటీతోనే సరిపెట్టుకోండి.

గళ్ళు వేయడం

20 మీటర్లకు 20 మీటర్లు ఒక గడి. మూలలు లంబంగా రావాలి. టేపుతో 3, 4, 5 లెక్క వేసి చూసుకోండి. కర్ణం 28.28 మీటర్లు రాకపోతే విప్పి మళ్ళీ వేయండి. గడి ఒక అంచు ఉత్తర దక్షిణాలకు సరిపోయేలా పెట్టండి. గుర్తులకు ఇనుప మేకులు వద్దు, వెదురు పుల్లలు చాలు. లైన్లకు నైలాను తాడు సాగుతుంది, పురికొస మేలు.

అన్నిటికంటే ముఖ్యం, గడి మూలలను కనీసం రెండు సర్వే రాళ్ళ నుంచి టేపుతో కొలిచి రాసుకోండి. సెల్‌ఫోను జీపీఎస్ నాలుగైదు మీటర్లు తప్పుతుంది. తొట్టి వెడల్పే అంత. పదేళ్ళ తర్వాత ఇంకెవరో వచ్చినా మీ గోడ దగ్గరికే చేరాలి.

అయస్కాంత సర్వే

మట్టిలో ఇనుము ఆక్సైడులు ఉంటాయి. బాగా కాలినప్పుడు అవి ఎక్కువ అయస్కాంత గుణం ఉన్న రూపానికి మారతాయి. మాగ్నెటైటు 580 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర తన అయస్కాంతత్వం వదిలేసి, చల్లారేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టుకుంటుంది. కాలిన చోటే ఉండిపోయిన పొయ్యిలో ఈ గుర్తు అంతా ఒకే దిక్కున ఉంటుంది కాబట్టి బలంగా కనబడుతుంది. గోడలో ఇటుకలు బట్టీ నుంచి తెచ్చి ఎటుపడితే అటు పేర్చినవి, వాటి దిశలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే గోడ కంటే పొయ్యి ముందు దొరుకుతుంది. 1958లో ఇంగ్లండులోని వాటర్ న్యూటన్ దగ్గర మార్టిన్ ఐట్కెన్ ప్రోటాన్ మాగ్నెటోమీటరుతో మొదట పట్టుకున్నది కూడా కుండల బట్టీలనే.

ఇప్పుడు మన అక్షాంశం సంగతి. ఇంగ్లండులో భూమి అయస్కాంత క్షేత్రం 65 నుంచి 70 డిగ్రీల వాలుతో దాదాపు నిట్టనిలువుగా నేలలోకి దిగుతుంది. నెల్లూరు దగ్గర ఆ వాలు సుమారు 15 డిగ్రీలే. క్షేత్రం ఉత్తరానికి దాదాపు పడుకుని ఉంటుంది. తూర్పు పడమరలుగా ఉన్న గోడను అది అడ్డంగా దాటుతుంది, అందుకే ఆ గోడ కనబడుతుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న గోడ వెంట అది పొడుగునా జారిపోతుంది. ఆ గోడ రెండు చివర్ల దగ్గర తప్ప మధ్యలో దాదాపు ఏమీ కనబడదు.

ఇది నాకు దెబ్బ తిని తెలిసింది. ఒక విశ్వవిద్యాలయ మిత్రుడి చలవతో మూడు రోజులకు ఫ్లక్స్‌గేట్ గ్రేడియోమీటరు (ఒకదాని పైన ఒకటి రెండు సెన్సార్లు ఉండి, వాటి మధ్య తేడా చూపే అయస్కాంత యంత్రం) దొరికింది. మొదటి గడిలోనే రెండు సమాంతర గీతలు వచ్చాయి. 9 మీటర్ల పొడవు, మధ్య ఎడం 4 మీటర్లు. చివర్లు తెరిచే ఉన్నాయి. "నీళ్ళ కాలువ" అని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసేశాను, నలుగురికీ చెప్పేశాను. ఏడాది తర్వాత అదే గడిలో రెసిస్టివిటీ చేస్తే ఆ రెండు గీతల మధ్య ఉత్తర దక్షిణాలుగా మూడు అడ్డగోడలు బయటపడ్డాయి. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, సరిగ్గా నడిమిన ఒకటి. కాలువ కాదు, రెండు తొట్లు. ఎగువది పడమట, దిగువది తూర్పున, నేల వాలు ఎటుందో అటే. నేను జేబులో పెట్టుకుని తిరిగిన బొమ్మలో ఉన్నది అదే. యంత్రం తెచ్చిన సంబరంలో ఆ బొమ్మ తీసి చూడలేదు.

కాబట్టి మన జిల్లాల్లో అయస్కాంత పటం మీద ఉత్తర దక్షిణ గోడలు లేవని ఎప్పుడూ రాయొద్దు. గ్రేడియోమీటరైతే తూర్పు పడమర గోడకు దక్షిణాన పెరుగుదల, ఉత్తరాన తగ్గుదల జంటగా వస్తాయి, గోడ వాటి మధ్యన ఉంటుంది. మొత్తం క్షేత్రాన్ని కొలిచే ప్రోటాన్ యంత్రమైతే గోడ నెత్తిన తగ్గుదల కనబడుతుంది. ఇంగ్లండు పుస్తకాల్లో గోడ అంటే పెరుగుదల అని ఉంటుంది, తికమక పడొద్దు. ఇటుక కాకుండా రాతి గోడైతే, చుట్టూ మట్టే ఎక్కువ అయస్కాంత గుణం ఉన్న ఎర్ర నేలైతే, ఇవన్నీ తిరగబడతాయి.

నడక ఉత్తర దక్షిణంగా పెట్టుకోండి. లైన్ల మధ్య అర మీటరు, లైను మీద పావు మీటరుకు ఒక రీడింగు. ఉదయం 7 లోపు మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ఆపండి. ఎండకు యంత్రం కాగేకొద్దీ రీడింగు జారుతుంది. మన దగ్గర క్షేత్రం మొత్తం సుమారు 42,000 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం ఇది). ఇటుక గోడ తేడా అందులో 5, 10, మహా అయితే 20. మధ్యాహ్నానికి భూమి క్షేత్రమే అంతకు రెండు మూడింతలు మారుతుంది. గ్రేడియోమీటరుకు ఆ బాధ లేదు, ఒకే సెన్సారు ఉన్న యంత్రమైతే అరగంటకోసారి ఒకే చోటికి తిరిగొచ్చి రీడింగు తీసుకుని సరిచేసుకోవాలి.

నడిచే మనిషి ఒంటి మీద ఇనుము ఉండకూడదు. తాళంచెవులు, సెల్‌ఫోను, బెల్టు బకిల్, పిన్నీసు, దిష్టికి కట్టుకున్న ఇనుప కడియం, మేకులు కొట్టిన చెప్పులు, అన్నీ గట్టున పెట్టి రావాలి. మోటారు సైకిలు 30 మీటర్ల అవతల. మోటారు షెడ్డు, ముళ్ళకంచె పటం మీద పెద్ద మచ్చలుగా వస్తాయి. వాటిని ముందే నోటుపుస్తకంలో గీసి పెట్టుకుంటే తర్వాత వాటిని చూసి బట్టీ అని మురిసిపోయే ప్రమాదం తప్పుతుంది.

మా దిబ్బలో దిగువ తొట్టికి 7 మీటర్ల తూర్పున 2 మీటర్ల గుండ్రటి గుర్తు వచ్చింది, 90 నానోటెస్లాలు దాటి. ఒక్క ఇనుప ముక్కైతే పటం మీద సూదిలా పొడుస్తుంది. ఇది సూది కాదు, ఒరిగిన గోపురంలా మెల్లగా లేచి మెల్లగా దిగింది. బాన పొయ్యి అక్కడే ఉండాలని నా నమ్మకం.

రెసిస్టివిటీ: మీ బోరు మీటరుతోనే

దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. నీటి సర్వేలో మనం కమ్మీలు జరుపుకుంటూ లోతుకు పోతాం. ఇక్కడ లోతు మార్చం, చోటు మారుస్తాం. రెండు పద్ధతులున్నాయి.

వెన్నర్ పద్ధతిలో నాలుగు కమ్మీలను సమాన దూరంలో ఒక కర్ర చట్రానికి బిగించి ఎత్తి దించుకుంటూ పోవాలి. దూరం 1 మీటరు అయితే మీరు చూసేది సుమారు అర మీటరు లోతు. లెక్క మీకు తెలిసిందే: మీటరు చూపిన ఓములను 6.28తో, కమ్మీల దూరంతో గుణించాలి. 5 ఓములు వస్తే 31.4 ఓమ్-మీటర్లు.

నాకు నచ్చింది రెండోది, జంట కమ్మీల పద్ధతి. ఒక కరెంటు కమ్మీ, ఒక వోల్టేజీ కమ్మీ అర మీటరు ఎడంగా చట్రానికి ఉంటాయి. మిగతా రెండూ గడికి దూరంగా పాతి వదిలేయాలి. చట్రం మీది ఎడానికి కనీసం 30 రెట్లు, అంటే 15 మీటర్ల అవతల. ఆ రెంటినీ గడి పూర్తయ్యేదాకా కదపొద్దు. ఎద్దు తొక్కి కదిలితే ఆ గడి మళ్ళీ మొదటి నుంచి. ఈ పద్ధతిలో గోడకు ఒకే శిఖరం వస్తుంది. వెన్నర్‌లో ఒక్కోసారి ఒక గోడకు రెండు శిఖరాలు వచ్చి లేని గోడ ఉన్నట్టు భ్రమ పుడుతుంది.

మీటరుకో రీడింగు అయితే గడికి 400. ఒకరు చట్రం, ఒకరు మీటరు, ఒకరు రాత, ఒకరు తాళ్ళు జరపడం. నలుగురు కూలి మనుషుల్లా పనిచేస్తే పొద్దున మొదలుపెట్టిన గడి సాయంత్రానికి అవుతుంది. రీడింగు పెద్దగా చదవాలి, రాసేవాడు తిరిగి చెప్పాలి. 47 చదివితే 74 రాసుకోవడం ఎంత తేలికో మూడో గంట గడిచాక మీకే తెలుస్తుంది. కమ్మీ నేలకు అంటకపోతే ఒక చెంబెడు నీళ్ళు పోయాలనిపిస్తుంది. పోస్తే అన్ని చోట్లా పోయాలి, లేదంటే ఎక్కడా వద్దు.

సున్నపు పూత ఉన్న ఇటుక గోడ ఎక్కువ చూపిస్తుంది, తొట్టి లోపలి పూడు మట్టి తక్కువ. మా దిబ్బలో గోడ మీద 120 ఓమ్-మీటర్ల చుట్టూ, ఎగువ తొట్టి లోపల 45, దిగువ తొట్టిలో 30 వచ్చాయి. దిగువ తొట్టి అడుగు ఇంకా లోతున ఉండి తేమ ఎక్కువ పట్టుకుంది. రెండు తొట్ల మధ్య ఆ 15 తేడా చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. చిలికే మనుషులు దిగింది ఆ తక్కువ అంకె ఉన్న చోటుకే.

జీపీఆర్ దొరికితే

ఇసుక నేలల్లోనే, అదీ రెసిస్టివిటీ అయ్యాక, అనుమానం ఉన్న చోట మాత్రమే. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా, అర మీటరుకో లైను, గోడకు అడ్డంగా నడక. పొడి ఇసుకలో తరంగం నానోసెకనుకు సుమారు 0.15 మీటర్లు పోతుంది, తడి ఇసుకలో 0.06. కాబట్టి నేల తడి తెలియకుండా లోతు చెప్పొద్దు. 20 నానోసెకన్లకు తిరిగొచ్చిన గుర్తు పొడి ఇసుకలో మీటరున్నర లోతు, తడి ఇసుకలో 60 సెంటీమీటర్లే. యంత్రాలు, సలహా కావాలంటే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐని, ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల జియోఫిజిక్స్ విభాగాలను అడగండి. చక్కగా రాసిన ఉత్తరానికి జవాబు వస్తుంది.

పటాన్ని చదవడం

రీడింగులన్నీ స్ప్రెడ్‌షీటులో ఎక్కించి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేరులో బూడిదరంగు పటంగా తీయండి. ఉచితమే. రంగురంగుల పటం అందంగా ఉంటుంది గానీ రంగు మారిన చోటల్లా గోడ ఉన్నట్టు కన్ను మోసపోతుంది. అయస్కాంత పటాన్ని, రెసిస్టివిటీ పటాన్ని, నేల వాలు పటాన్ని ఒకదాని మీద ఒకటి పరిచి, ముందు రెండు పటాల్లోనూ ఉన్నదాన్ని గీయండి. తర్వాత ఒక్కదాంట్లోనే ఉన్నదాన్ని చుక్కల గీతతో. దున్నకం చాళ్ళు, పాత గెనిమలు (గట్లు), డ్రిప్పు పైపులు అన్నీ తిన్నటి గీతలే. చేనుగలాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో గీత మీద వేలు పెట్టి "ఇది మీదా, పాతదా" అని అడగండి. మా పటంలో నాలుగు గీతలు ఆయన చేతులతో చెరిగిపోయాయి.

ఏమీ కనబడని గళ్ళను కూడా పటంలో ఉంచండి. ఆకు కుప్ప కోసం మేం ఉత్తరాన రెండు గళ్ళు వెతికాం, దొరకలేదు. ఆ రెండూ ఖాళీగానే అచ్చు వేశాం. నిర్ధారణకు తవ్వి చూద్దామనే కోరిక బలంగా పుడుతుంది. తవ్వకం పురావస్తు శాఖ పని. మీరు మాత్రం దుక్కి దున్నిన మర్నాడు వెళ్ళి చాళ్ళలో ఏమొచ్చిందో చూడండి. ఇటుక ముక్క దొరికితే కొలిచి, ఫొటో తీసి, ఏ గడిలో దొరికిందో రాసి, దొరికిన చోటే పెట్టండి.

ఎవరికి ఏం ఇవ్వాలి

అంకెల ఫైళ్ళు, పచ్చి నోటుపుస్తకం స్కాను, సర్వే రాళ్ళ కొలతలు, పటాలు, యంత్రం పేరు, తేదీ, చివరి వాన ఎప్పుడు పడింది, అన్నీ కలిపి మూడు ప్రతులు తీయండి. ఒకటి పురావస్తు శాఖకు, ఒకటి యంత్రం ఇచ్చిన విభాగానికి. మూడోది చేనుగలవాళ్ళకు, పెద్ద అక్షరాల్లో, తెలుగులో, లామినేషన్ చేయించి ఇవ్వండి.

మేం ఇచ్చిన పటాన్ని ఆయన పంచలో కేలండరు పక్కన తగిలించుకున్నాడు. ఆ వేసవిలోనే బోరు నుంచి కింది కయ్యలకు గొట్టం వేయడానికి జేసీబీ వచ్చింది. ముందు అనుకున్న దారి సరిగ్గా దిగువ తొట్టి మీదుగా పోతుంది. ఆయన పటం తీసుకుని చేలోకి వెళ్ళి, సర్వే రాయి నుంచి తానే అడుగులు లెక్కపెట్టి, డ్రైవరుకు ముగ్గుతో వేరే దారి గీసి చూపించాడట. గొట్టం ఇప్పుడు దిబ్బకు 8 మీటర్లు ఉత్తరంగా పోతోంది.